ఆ ఫోటోలో నేను ముందెందుకున్నాను

ఆ రోజుల్లో మా కాలనీలో ఎవరైనా కొత్తగా తగిలితే పేరు తర్వాత అడిగేవారు, ముందు అడిగేది "ఏ టైపు క్వార్టరు?" అని. ఆ ఒక్క జవాబుతో అవతలివాడి తండ్రి బాయిలోకి దిగే మనిషో, దిగేవాళ్ళకు పని చెప్పే మనిషో, ఇంట్లో కూలర్ ఉందో లేదో, కోపమొస్తే ఏ యాసలో తిడతాడో మొత్తం తేలిపోయేది. (గనిని మావైపు బాయి అనే అంటారు. అందులో నీళ్ళ కోసం ఎవరూ దిగరు.) మా నాన్న కోస్తా నుంచి వచ్చిన ఇంజినీరు కనక మాది పెద్ద టైపు క్వార్టరు, ముందొక గేటు, గేటు మీద కాగితం పూల తీగ. నేను పుట్టి పెరిగిందంతా ఈ బొగ్గు దుమ్ములోనే అయినా కాలేజీలో నా పేరు మాత్రం 'కోస్తా'. సముద్రాన్ని నేను అప్పటికి ఒక్కసారే చూశాను, అదీ జ్వరంతో. ఇదంతా ఇప్పుడు తలుచుకుంటే నవ్వు కంటే ముందు ఆవలింత వస్తుంది. వయసు యాభైకి దగ్గర పడ్డాక జ్ఞాపకాలకు కూడా మోకాళ్ళ నొప్పులొస్తాయేమో, ఒక్కొక్కటీ లేచి నిలబడడానికి చాలాసేపు తీసుకుంటుంది.

ఒక్క జ్ఞాపకాన్ని మాత్రం నేను పడుకోబెట్టినా జనం పడుకోనివ్వరు. నేను చదివిన కాలేజీలోనే ఇప్పుడు పాఠాలు చెబుతున్నాను. ప్రిన్సిపాల్ గది బయట గోడకు ఒక పాత ఫోటో ఉంటుంది. అందులో మా క్లాసు పిల్లలు, కాలనీ వాళ్ళూ, పల్లెల వాళ్ళూ, ఆడా మగా కలగలిసి నిలబడి ఉంటారు. అందరికంటే ముందు, నేల మీద, ఒక చంకకర్రను జెండాలాగా నిటారుగా పట్టుకుని, పక్కన ఒక కాలు చచ్చుబడిన మిత్రుణ్ణి కూర్చోబెట్టుకుని నేనుంటాను. ఆ ఫోటో పుణ్యమా అని, కాలేజీలో అందరినీ కలుపుకుపోవడానికంటూ ఒక కమిటీ పెట్టిన రోజున, ఎవరూ ఎవర్నీ అడక్కుండానే నన్ను కన్వీనర్ని చేశారు. ఏటా కొత్త పిల్లలొచ్చిన వారంలో వాళ్ళను ఆ ఫోటో ముందు నిలబెట్టి, "విద్యార్థిగా ఉన్నప్పుడే ఈ సార్ ఎన్ని గోడలు కూలగొట్టారో తెలుసా" అని మొదలుపెడతారు. మొదటి ఏడు నేను గట్టిగానే "అదేం లేదండీ" అన్నాను. రెండో ఏడు నవ్వి ఊరుకున్నాను. ఆ తర్వాత, దాచడమెందుకు, ఒకటి రెండు గోడలు నేనే అదనంగా కూలగొట్టుకున్నాను. ఇక చేతకావడం లేదు. అబద్ధాన్ని మొయ్యడానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలి. అందుకే జరిగింది జరిగినట్టు రాసి దించేసుకుందామని కూర్చున్నాను.

ఫోటోలో నా పక్కనున్నవాణ్ణి మేం 'ఓవర్‌మన్' అనేవాళ్ళం. బాయిలో షిఫ్టు నడిపించే పెద్దమనిషిని అలా పిలుస్తారు; చేతిలో కర్ర పట్టుకుని "అది తియ్, ఇది పెట్టు" అని చూపిస్తూ తిరుగుతాడు. మావాడికి చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. చంకకర్ర మీద నడిచేవాడు. ఎక్కడైనా కూర్చున్నాడంటే ఆ కర్రతోనే లోకాన్ని నడిపించేవాడు. "కోస్తా, గా కిటికీ తెరువు. గా ఫ్యాన్ ఎయ్యి. బోర్డు మీద మూడో లైను తప్పున్నది, సార్‌కు నువ్వే చెప్పు, నాకు లేవ వశమైత లేదు." వాళ్ళ నాన్న బాయిలో బొగ్గు కొట్టే మనిషి. ఇంట్లో మరెవరూ బడి గడప దాటి పై చదువుకు రాలేదు. వీడికి లెక్కలంటే ఎంత పిచ్చంటే, పాఠం అర్థంకాని వాళ్ళను చూస్తే జాలిపడడు, ఆశ్చర్యపోతాడు.

మా క్లాసు మేడ మీద. మెట్లు ఇరుకు, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. (వాణ్ణి అప్పట్లో వికలాంగుడనేవారు, ఇప్పుడైతే దివ్యాంగుడంటారు, ఆ మెట్లు రెండు మాటలకూ ఒకే ఎత్తులో ఉన్నాయి.) చేరిన మొదటి వారంలోనే లెక్కల సార్ క్లాసంతా ఒకసారి పరికించి, నా దగ్గర చూపు ఆపి, "నువ్వు పొడుగ్గా ఉన్నావు. వీణ్ణి ఎక్కించడం, దించడం నీ పని" అన్నారు. నా అర్హత అదొక్కటే. ఆ రోజు నుంచి పొద్దున ఎక్కించడం, సాయంత్రం దించడం, మధ్యలో బ్లాస్టింగ్‌కు ఇంకోసారి దించి ఎక్కించడం. కమాన్‌పూర్ వైపు, నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం పూట మందుగుండు పేల్చేవారు. ముందు సైరన్ మోగేది. మా బిల్డింగు గోడలకు అప్పటికే బీటలుండేవి కనక సైరన్ వినగానే అందరం దిగి గ్రౌండులో నిలబడాలి. నిలబడడంలోనూ ఒక పద్ధతుండేది. బంగ్లాల పిల్లలు గోడ నీడన, కార్మికుల పిల్లలు సైకిల్ స్టాండు దగ్గర, ఓపెన్‌కాస్టు కింద భూములు పోయిన పల్లెల వాళ్ళు గేటు దగ్గర, ఆడపిల్లలు నల్లా దగ్గర. ఎవరూ గీతలు గీయలేదు, ఎవరూ దాటేవారు కాదు. నేనూ ఓవర్‌మనూ మాత్రం ఎప్పుడూ మెట్ల కిందే; మేం దిగేసరికి బ్లాస్టింగ్ అయిపోయేది.

నిజం చెప్పాలంటే నాకు విసుగొచ్చింది. మా బంగ్లాల స్నేహితులు వెనక బెంచీలో వాక్‌మన్ వైరు చెరో చెవికీ పెట్టుకుని తలలూపుతుంటే, నేను తలుపు పక్కన మొదటి బెంచీలో ఓవర్‌మన్ పక్కన కూర్చుని, వాడి కర్ర జారి పడకుండా మోకాలితో నొక్కిపట్టుకుని ఉండాలి. పద్ధెనిమిదేళ్ళ వాడికి అదొక పెద్ద కష్టం. పోనీ, "నాకు ఇక చేతకాదురా" అని మొహాన చెప్పే ధైర్యం ఉందా అంటే అదీ లేదు. అలాంటి సమయంలో, ఫ్యాన్ కింద బెంచీ ఎవరిదన్న దాని మీద కాలనీ పిల్లలకూ పల్లెల పిల్లలకూ పెద్ద తగాదా అయింది. చొక్కాలు చిరిగాయి. కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ మా క్లాసుకు వచ్చి, "మీరంతా కలిసి ఉండాలంటే ఏం చెయ్యాలో మీరే చెప్పండి" అన్నారు. నేను లేచాను. ఆ లేవడంలోనే నా బతుకంతా ఉంది.

"సార్, ఎవరి బెంచీ వాళ్ళది అనుకోవడం వల్లే ఇదంతా. రోజూ పొద్దున చీటీ తీద్దాం. ఎవరికి ఏ సీటొస్తే అక్కడ కూర్చుందాం. ఎవరి పక్కన ఎవరైనా కూర్చోవచ్చు. అందరూ సమానమే." ఇంకా ఏవేవో అన్నాను. బాయిలో దిగాక అందరి మొహాలూ నలుపే కదా అని కూడా అన్నాను (మా నాన్న బాయిలో దిగిన రోజు ఇంటికొచ్చి సబ్బు సగం అరగదీసేవాడన్న సంగతి చెప్పలేదు). క్లాసు చప్పట్లు కొట్టింది. ప్రిన్సిపాల్ కళ్ళు చెమర్చాయి. ఆ ఉపన్యాసం మొత్తానికి అర్థం ఒక్కటే: రేపటి నుంచి ఓవర్‌మన్ పక్కన నేను కూర్చోనక్కర్లేదు. అది క్లాసులో ఒక్కడికే అర్థమైంది. వాడు కర్ర చివరతో నా చెప్పు మీద మెల్లగా తట్టి, "మస్తు చెప్పినవ్ రా" అన్నాడు. అంతే.

చీటీలు కాస్తా బిళ్ళలయింది మా అటెండర్ వల్ల. ఆయన బాయి దగ్గర ల్యాంప్ రూంలో, అంటే కార్మికుల తలదీపాలు ఇచ్చిపుచ్చుకునే గదిలో, జీవితమంతా పనిచేసి రిటైరై మా కాలేజీకి వచ్చాడు. మేం ల్యాంప్‌రూం కాక అనేవాళ్ళం. చీటీల మాట వినగానే ఆయనకు పోయిన ఉద్యోగం తిరిగొచ్చినట్టయింది. "కాయితాలు గిట్ల నడువయి బిడ్డా, చెమటకు కరుగుతయ్" అని, పాత ఇనుప సామాను దుకాణం నుంచి నంబర్లు కొట్టిన ఇత్తడి బిళ్ళలు సంచెడు పట్టుకొచ్చాడు. బాయిలో దిగే ప్రతి మనిషికీ ఒక బిళ్ళ ఉంటుంది. షిఫ్టు అయ్యాక లెక్కకు ఒక్క బిళ్ళ తేడా వచ్చిందంటే ఒక మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం. కాక అదే పద్ధతి పెట్టాడు. పొద్దున సంచిలో చెయ్యి పెట్టి బిళ్ళ తియ్యాలి, ఆ నంబరున్న సీట్లో కూర్చోవాలి, కిందికి దిగినప్పుడల్లా వరండాలో చెక్కకు కొట్టిన మేకుకు తగిలించాలి. "సైరన్‌కు దిగినా తగిలియ్యాలె. ఒంటికి దిగినా తగిలియ్యాలె. మేకు ఖాళీగుంటే మనిషి లోపల ఉన్నట్టు. నాకు షాయిరీలు చెప్పద్దు."

మొదటి వారం పండగలా ఉంది. కాంట్రాక్టరు గారి కొడుకు పక్కన భూమి పోయిన రైతు కొడుకు పడ్డాడు. ఇద్దరూ పొద్దంతా మాట్లాడుకోలేదు, మధ్యాహ్నానికి ఒకడి పచ్చడి ఇంకొకడి డబ్బాలోకి పోయింది. బిళ్ళలకు బజారు కూడా మొదలైంది. కిటికీ సీటుకు రెండు మిరపకాయ బజ్జీలు, ఫ్యాన్ కింద సీటుకు బజ్జీలతో పాటు టీ. నాకు ఎవరెవరి పక్కనో కూర్చుని నోరు కూడా మారింది. ఒకరోజు ఇంట్లో "అన్నం గింతే పెడ్తవా?" అన్నాను. మా అమ్మ గరిటె పట్టుకునే వచ్చింది. "ఏమిట్రా ఆ మాట? నిన్ను చదువుకు పంపించానా, యాస నేర్చుకోమని పంపించానా?" "అందరం కలిసి కూర్చుంటున్నామమ్మా." "కూర్చోండి, ఎవరొద్దన్నారు? నోళ్ళు కలపమన్నారా?" అంది. నేను లోలోపల పొంగిపోయాను, సమాజాన్ని వంటింటి దాకా తీసుకొచ్చేశానని.

ఓవర్‌మన్ సంగతా? అందరూ సమానం కదా. తలుపు పక్కన సీటు వాడిదని ఇప్పుడెవరూ అనడానికి లేదు. వాడికి ఒకరోజు మూల సీటు, ఒకరోజు నడుమ బెంచీ. ఎక్కించడం ఆ రోజు పక్కన పడ్డవాడి పని అని నేనే చెప్పాను; ప్రతివాడూ ఇంకొకడు చేస్తాడనుకున్నాడు. ఒక పొద్దున నేను ఆలస్యంగా వచ్చేసరికి వాడు మెట్ల మీద వెనక్కి తిరిగి కూర్చుని, చేతులు ఊని, ఒక్కొక్క మెట్టే వెనక్కి వెనక్కి ఎక్కుతున్నాడు. కర్రను పై మెట్టు మీదికి విసిరేసి, దాని వెనకాల తను. మోచేతులకు సున్నం. నేను కింద ఆగిపోయి, వంగి బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టాను. ఆ లేసు కట్టుకున్నంత శ్రద్ధగా నేను నా జీవితంలో ఏ పనీ చెయ్యలేదు. వాడు పైకి చేరిన చప్పుడు వినిపించాక లేచాను. ఆ రోజు నేను వేసుకున్నవి చెప్పులని సాయంత్రం ఇంటికి వెళ్ళాక గుర్తొచ్చింది.

తర్వాత కొద్దిరోజులకు, మధ్యాహ్నం సైరన్ మోగింది. అందరం ఉరికాం, బిళ్ళలు టకటకా మేకులకు పడ్డాయి. గ్రౌండులో ఎవరి చోటు వాళ్ళది అనే పద్ధతి అప్పటికే చెదిరిపోయింది. నల్లా దగ్గర మగపిల్లలు, గోడ నీడన పల్లెల వాళ్ళు. ప్రిన్సిపాల్ బయటికొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్ళి పందిరి చూసినట్టు మమ్మల్ని చూస్తున్నారు. అప్పుడు వరండాలోంచి కాక గొంతు లేచింది.

"మేకు ఖాళీ ఉన్నది! మనిషి లోపల ఉన్నడు!"

ఆ మాట వేరే ఊళ్ళో అయితే ఎవరికీ పట్టేది కాదు. మా దగ్గర అలా కాదు. అక్కడున్న వాళ్ళలో సగం మంది తండ్రులు ఆ పూట షిఫ్టులో బాయిలో ఉన్నారు. నవ్వుతున్న మొహాలు నవ్వు మధ్యలోనే ఆగిపోయాయి. గేటు బయట బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళు సంచులు అక్కడే వదిలి లోపలికి పరుగెత్తుకొచ్చారు, ఏ బాయి, ఎవలు బిడ్డా, ఎవలు అంటూ. కాక మమ్మల్ని అడుగుతున్నాడు, "నీ పక్కపొంటి ఎవలుండె? నీ పక్కన?" ఎవరూ చెప్పలేకపోతున్నారు. రోజుకో పక్క మారిపోయేసరికి ఎవరి పక్కన ఎవరున్నారో ఎవరికీ పట్టకుండా పోయింది. నాకు తెలుసు. కాక అరిచిన మొదటి మాటకే తెలుసు. అయినా చెప్పలేదు. చెబితే, ముందు నన్నే అడుగుతారు కదా, వాణ్ణి ఎందుకు దించలేదని.

"ఓవర్‌మన్ యాడ?" అన్నది గోలేటి అమ్మాయి. గోలేటి నుంచి వచ్చి మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేది. క్లాసులో ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. ఆ మాటతో అందరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. అదే సమయానికి పేలింది. కాళ్ళ కింద నేల అదిరింది, మేడ కిటికీ రెక్కలు గలగలమన్నాయి, గోడ మీది పెచ్చు ఒకటి ఊడి వరండాలో పడింది.

పైకి అందరికంటే ముందు గోలేటి అమ్మాయి, తర్వాత కాక, తర్వాత నేను. ఓవర్‌మన్ వెనక వరసలో కిటికీ దగ్గర కూర్చుని పల్లికాయలు ఒలుస్తున్నాడు. బల్ల మీద ఇత్తడి బిళ్ళ.

"ఏందిరా, అందరచ్చిండ్రు? క్లాసున్నదా?"

"నువ్వెందుకు దిగలేదురా?" అన్నాను, కోపంగా. (భయపడ్డవాడికి వచ్చే కోపం అది.)

"ఎవలన్న వస్తరని చూసిన. రాలే. తర్వాత మంచిగనే అనిపిచ్చింది. ఇన్ని దినాలు నీతోని మెట్ల మీదనే సరిపోయె గాని, బ్లాస్టింగ్ కండ్లతోని చూసింది ఇయ్యాలనే. దుమ్ము ఎర్రగ, గంత ఎత్తు లేచింది. నువ్వు చూసినవా?"

నేను చూడలేదు. నేను చూసింది గోలేటి అమ్మాయి మొహం. ఆమె నన్నేమీ అనలేదు, అంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. "నీకు దిగ వశమైతలేదని నోరు తెరిచి చెప్పరాదా అన్నా?" అని వాణ్ణే అడిగింది. "ఎవలకు చెప్పాలె చెల్లె?" అన్నాడు వాడు. "ఇంతకు మునుపు ఒకడుండె, వానికి చెప్పకున్నా ఎర్కుండె. ఇప్పుడు అందరున్నరు."

ప్రిన్సిపాల్ భయపడిపోయారు. సాయంత్రానికల్లా ఓవర్‌మన్ తండ్రిని పిలిపించారు. ఆయన పగటి నిద్రలోంచి లేచి అలాగే వచ్చాడు. కనురెప్పల అంచున కాటుకలా బొగ్గు. "మీవాడికి ఏమైనా అయితే బాధ్యత మాది కాదు. ఇంటి దగ్గరే చదివించి పరీక్షలు రాయించండి" అన్నారు ప్రిన్సిపాల్. ఆయన చేతులు కట్టుకుని, "ఇంటికాడ చదివిచ్చెటందుకు మాకేమొస్తది సార్. బస్టాండు కాడ టెలిఫోన్ డబ్బా ఇస్తరట గిసోంటి పోరలకు. దాంట్ల కూసోబెడుత తియ్యిండ్రి" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. చాలా రోజులుగా మోస్తున్నది దించుకోవడానికి ఎవరో చోటు చూపించినట్టుంది. ఓవర్‌మన్ వరండా మెట్టు మీద కూర్చుని కర్రతో మట్టిలో ఏదో లెక్క గీస్తున్నాడు. నన్ను చూడగానే చెరిపేశాడు.

"డబ్బాల కూసోని వేరేటోళ్ళ ముచ్చట్లకు నిమిషాలు లెక్కవెట్టుడు నాతోని కాదురా కోస్తా. నేను లెక్కలు చదవాలె."

"ప్రిన్సిపాల్‌తో నేను మాట్లాడతాలే" అన్నాను. మాట్లాడలేదు. ఇంటికి వెళ్ళాను, అమ్మ పులిహోర చేసింది, తిన్నాను, పడుకున్నాను.

మర్నాడు ఏం జరిగిందో నేను చూడలేదు, ఎందుకంటే ఆ రోజు కావాలనే ఆలస్యంగా వెళ్ళాను. ప్రిన్సిపాల్ ఎదురుపడతారేమోనని వెనక గేటు నుంచి దూరి, సంచిలో బిళ్ళ తియ్యకుండా, వెనక మెట్ల మీద నుంచి పైకి పోయాను. క్లాసంతా ఖాళీ. లెక్కల సార్ ఒక్కరే కుర్చీలో ఉన్నారు. నేను వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. ఏ బెంచీ కోసం ఇంత రాద్ధాంతం చేశానో ఆ బెంచీ, ఈ చివర నుంచి ఆ చివర దాకా మొత్తం నాదే. సార్ నన్ను చూసి, "సమానత్వం అన్నావు. మిగతా సమానులేరయ్యా?" అన్నారు. అప్పుడు కింద నుంచి నవ్వులు వినిపించాయి.

తర్వాత తెలిసింది ఇదీ: పొద్దున ఓవర్‌మన్ మామూలుగానే వచ్చాడు, సంచిలో బిళ్ళ తీశాడు, వరండాలో మేకుల చెక్క కిందే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "మీద గాదు, ఇయ్యాల నా సీటు గిదే" అన్నాడు. కాక గదిమాడు, బతిమాలాడు. గోలేటి అమ్మాయి వచ్చి తన బిళ్ళ తీసి, నంబరు చూసి, "నాది గూడ గిక్కన్నే వచ్చింది" అని వాడి పక్కన కూర్చుంది. ఆమె వెనక ఇంకొకరు, ఇంకొకరు. కాంట్రాక్టరు గారి కొడుకైతే ప్యాంటు మాయకుండా రుమాలు పరుచుకుని మరీ కూర్చున్నాడట. నేనూ సారూ దిగేసరికి క్లాసు మొత్తం నేల మీద ఉంది, మధ్యలో ప్రిన్సిపాల్ నిలబడి ఉన్నారు, ఎటు అడుగు వెయ్యాలో తెలియక. అప్పుడు లెక్కల సార్ చాక్‌పీసు జేబులోంచి తీసి, "కింద స్టోర్ రూం ఖాళీ చేయిస్తే సరిపోతుంది కదండీ" అన్నారు. అంతే. విరిగిన బెంచీలు పెట్టిన గది అది. ఖాళీ చెయ్యడానికి ఒక పూట పట్టింది. ఆ గది మేం చేరక ముందు నుంచీ అక్కడే ఉంది.

ఇక ఫోటో. మా కలివిడి చూడడానికి ఎవరో పెద్దాయన వస్తారని ప్రిన్సిపాల్ ఆ రోజుకు కాలనీ స్టూడియో నుంచి ఫోటోగ్రాఫర్‌ను ముందే పిలిచి పెట్టుకున్నారు. పెద్దాయన రాలేదు, ఫోటోగ్రాఫర్ వచ్చాడు. అందరూ వరండాలో నిలబడ్డారు. చివర చేరిన నేను వెనక దాక్కుందామని పోతే, "ఓ పొడుగన్నా, నువ్వు ఆడ నిలబడితే గోడ కనబడది, ముందరికొచ్చి కింద కూసో" అన్నాడు. కూర్చున్నాను. "గా కర్ర మొఖాలకు అడ్డమొస్తాంది, జర నిలబెట్టి పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. ఓవర్‌మన్ నా పక్కన కూర్చుని ఉన్నాడు, ఎందుకంటే పొద్దుటి నుంచీ వాడు అక్కడే కూర్చుని ఉన్నాడు. ఆ ఫోటోలో ఇద్దరు లేరు. గోలేటి అమ్మాయీ కాకా అప్పుడు స్టోర్ రూంలోంచి విరిగిన బెంచీలు బయటికి లాగుతున్నారు.

ఆ తర్వాత మా క్లాసు ఆ కింది గదిలోకే మారింది, వాణ్ణి మొయ్యాల్సిన పని నాకు పడలేదు. మేం స్నేహితులమైంది అప్పటి నుంచే. రోజూ భుజం పట్టుకు తిరిగిన కాలంలో వాడి ఇంటి ముందు జామచెట్టుందని కూడా నాకు తెలియదు.

ఈ ఏడు కొత్త పిల్లల సభకు ఓవర్‌మన్‌ను పిలిచాను. పెద్దపల్లిలో లెక్కలు చెబుతాడు. వెనక రెండు చక్రాలు అదనంగా బిగించిన స్కూటర్ మీద వచ్చాడు. నేను మైకు ముందు నిలబడి ఇక్కడ రాసినదంతా చెప్పాను, లేసు సంగతితో సహా. సభ చప్పట్లు మొదలుపెట్టింది. ఎప్పటికంటే గట్టిగా. ఇప్పటి ప్రిన్సిపాల్ కళ్ళు తుడుచుకుని, "ఇంత వినయం ఎక్కడైనా చూశామా?" అన్నారు. నాకు నీరసం వచ్చింది. ఓవర్‌మన్ మైకు గుంజుకుని, "వాడు చెప్పింది పూరా నిజం. నమ్ముండ్రి పిల్లలూ, వీడు అప్పుడు శుద్ధ పిరికోడు" అన్నాడు. దానికి ఇంకా గట్టిగా కొట్టారు, మిత్రుల పరిహాసమనుకుని. ఒక్క పిల్ల మాత్రం కొట్టలేదు. మూడో వరసలోంచి లేచి, "సార్, మరి గోలేటి మేడం ఫోటో యాడ ఉన్నది?" అని అడిగింది. మా ఇద్దరి దగ్గరా లేదు. ఆమె ఇప్పుడు ఎక్కడుందో కూడా మాకు తెలియదు. ఆ పిల్ల కూర్చుంది, మేమూ కూర్చున్నాం.

సభ అయ్యాక నా గది కోసం మేడ మెట్లు ఎక్కబోయి, మోకాలు పట్టేసి, మూడో మెట్టు మీద ఆగిపోయాను. (మెట్లకు ఇప్పుడు కమ్మీ ఉంది. కమిటీ వేయించింది. ఎక్కువగా వాడేది కన్వీనరే.) కింద నుంచి వాడు కర్ర ఎత్తి చూపించాడు.

"ఇప్పుడు నిన్నెవలు ఎక్కిస్తున్నరురా కోస్తా?"

"ఎవరూ లేరు. నాకంటే పొడుగైనవాడు కాలేజీలో దొరకలేదు."

"దిగు. దిగి బండెక్కు. ఇంటికాడ దింపుత."

వద్దంటే వినడు, ఓవర్‌మన్ కదా. వాడి కర్రను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను. గేటు దగ్గర పిల్లలు ఫోన్లు ఎత్తి ఫోటోలు తీశారు. వాడు ముందు, నేను వెనక. ఇన్నాళ్ళకు సరిగ్గా పడింది. రేపు దీన్ని కూడా ఎవరో గోడకు తగిలించి ఏదో ఒక కథ చెబుతారు. చెప్పుకోనీ. ఈసారి సరిదిద్దడానికి నేను మెట్లెక్కి రాను.